తాళం మాస్టారి సోమవారాలు

బస్సు డిపోలో అందరూ ఆయన్ని తాళం మాస్టారు అంటారు. ఎదురుగా అనరు, వెనకాలే. ఎదురుగా ఉత్త మాస్టారు. ఆయన బడిలో పాఠాలు చెప్పిందెప్పుడూ లేదు. టైపిస్టుగా చేరి, టైపు మిషన్లు మూలపడి కంప్యూటర్లు వచ్చాక, విండోస్ కాకుండా లినక్సు మీద నడిచే, ఎవరూ దగ్గరికి వెళ్లని పెట్టెతో ఒంటరిగా కుస్తీ పట్టి లొంగదీసుకున్నందుకు ఆ గౌరవం దక్కింది. తాళం సంగతి వేరు. ఆయన టేబులుకి మూడు సొరుగులు, మూడింటికీ తాళాలు. ఒకదాంట్లో టీ కప్పు, ఒకదాంట్లో స్టేప్లరు, మూడోదాంట్లో మొదటి రెండింటి తాళంచెవులు. ఆ మూడోదాని తాళంచెవి చొక్కా లోపలి జేబులో ఉంటుంది, జేబుకి పిన్నీసు.

ఇంట్లోనూ ఇదే తంతు. బావమరిది తన పాత విండోస్ కంప్యూటరు ఊరికే ఇస్తే, "ఊరికే ఎందుకిచ్చినట్టు?" అని వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నారు. చివరికి అందులో ఏ మోసమూ దొరక్క, అదే పెద్ద మోసమేమోనని భయపడుతూ వాడుకోవడం మొదలుపెట్టారు. ఆయన భార్య చుట్టాల దగ్గర నవ్వుతూ చెబుతుంది: "మా పెళ్లయి ముప్పయ్యేళ్లయింది. నన్నింకా ప్రొబేషన్లోనే ఉంచారు."

అలాంటి మనిషి చేతిలో డిపో ప్రాణం ఉంది. రోజూ సాయంత్రం నాలుగింటికి మర్నాటి డ్యూటీ చార్టు కిటికీ అద్దానికి అంటించాలి. ఏ డ్రైవరు ఏ బస్సు ఎక్కాలి, ఏ కండక్టరు ఎన్నింటికి రావాలి అన్నీ అందులోనే. ఆ చార్టుని తయారుచేసేది మాస్టారు రాసిన స్క్రిప్టు. స్క్రిప్టంటే భయపడాల్సిన పని లేదు, యంత్రానికి రాసిచ్చిన పనుల చీటీ అంతే. సెలవు పెట్టినవాళ్ల జాబితా చదువు, షెడ్డులో పడున్న బస్సుల జాబితా చదువు, మిగిలినవాళ్లని మిగిలిన బస్సులకి సర్దు, ప్రింటరుకి పంపు. మొత్తం రెండు వందల పద్దెనిమిది వరసలు. గడియారం నాలుగు చూపగానే యంత్రం ఆ చీటీని తనంతట తానే నడిపిస్తుంది. పదమూడేళ్లలో ఒక్కరోజు ఆగలేదు. ఆ మాట మాస్టారు రోజుకొకసారైనా ఎవరికో ఒకరికి చెప్పేవారు.

మాస్టారి రిటైర్మెంటు ఎనిమిది నెలల్లోకి వచ్చేసరికి డిపో మేనేజరు ఒకావిణ్ణి తెచ్చి పక్క కుర్చీలో కూర్చోబెట్టాడు. ముప్పయ్యేళ్లు దాటినావిడ. మూడు నెలలు కాంట్రాక్టు మీద, పని బాగుంటే ఆ తర్వాత పర్మనెంటు. ఆ ధైర్యంతోనే తల్లినీ కూతుర్నీ తీసుకొచ్చి డిపో వెనక వీధిలో రెండు గదులు అద్దెకి తీసుకుంది, పిల్లని ఇక్కడి బళ్లో వేసింది. ఉద్యోగం నిలిస్తే ముగ్గురూ నిలుస్తారు, లేదంటే సామాను మళ్లీ ఆటో ఎక్కాల్సిందే. ఈ సంగతి మాస్టారికి తెలుసు. ఆయనకి అందరి సంగతులూ తెలుసు, తెలుసుకోనిదే పక్కన కూర్చోరు.

"మాస్టారూ, మీకు తెలిసిందంతా ఈవిడకి నేర్పండి. ఫైళ్లు తెరవనివ్వండి, మార్చనివ్వండి. మీరు వెళ్లిపోయాక డిపో ఆగకూడదు" అన్నాడు మేనేజరు.

ఆ చివరి మాట మాస్టారి మనసులో ముల్లులా దిగింది. అంటే ఈవిడ పని ఎంత తొందరగా నేర్చుకుంటే తానంత తొందరగా అక్కర్లేకుండా పోతారన్నమాట. పైగా ఆమె రెండో రోజే, "సార్, ఈ నలభయ్యో వరస రెండుసార్లు రాసినట్టున్నారు, ఒకటి చాలు కదా" అంది. మాట నిజమే. నిజం కాబట్టే ఆయనకి ఒళ్లు మండింది.

నెల తిరిగి ఆమెకి ఆదివారం డ్యూటీలు పడగానే మాస్టారు ఒక కొత్త ఏర్పాటు చేసుకున్నారు. ఆదివారం ఆయనకి సెలవు, ఆమెకి డ్యూటీ. తాను లేని రోజున ఆమె తన స్క్రిప్టుని ఏం చేస్తుందో ఎవరు చూడొచ్చారు? అందుకని శనివారం సాయంత్రం స్క్రిప్టుని పెన్‌డ్రైవులోకి ఎక్కించి, దాన్ని లోపలి జేబులో వేసి, పిన్నీసు పెట్టి ఇంటికి తీసుకెళ్లేవారు. ఆదివారం బావమరిది కంప్యూటర్లో తెరిచి, మొదటి వరస నుంచి చివరి వరస దాకా వేలు పెట్టి చదివేవారు. అంతా సరిగ్గా ఉందనుకున్నాక అట్టడుగున ఉన్న వరసలో ఆ రోజు తారీఖు మార్చి సేవ్ చేసేవారు. ఇది నా చేతి మీదుగా వెళ్లిన కాపీ అని గుర్తన్నమాట. సోమవారం పొద్దున ఆమె క్యాంటీనుకి వెళ్లగానే దాన్ని ఆఫీసు కంప్యూటర్లోని స్క్రిప్టు మీద పెట్టేసేవారు. ఆదివారం ఆమె ఏం గిలికినా సోమవారానికి తుడిచిపెట్టుకుపోతుంది. ఈ తెలివికి ఆయన తన భుజం తానే తట్టుకున్నారు.

మొదటి సోమవారం నాలుగింటికి ప్రింటరు కదల్లేదు.

మాస్టారు తెర వంక చూశారు. ముందు ఏదో ఇంగ్లీషు ముక్క, దాని వెనకాల ఒక పిచ్చి గుర్తు, ఆ తర్వాత అసలు మాట: అలాంటి ఫైలు గానీ ఫోల్డరు గానీ లేదు. ఆయన చివరి మాటే చదివారు. ఫోల్డరు తెరిచి చూస్తే స్క్రిప్టు నిక్షేపంలా అక్కడే ఉంది. మళ్లీ నడిపించారు, మళ్లీ అదే మాట. ఎదురుగా ఉన్నదాన్ని పట్టుకుని లేదంటోంది.

ఈలోపు కిటికీ దగ్గర డ్రైవర్లు పోగయ్యారు. "మాస్టారూ, పొద్దున అయిదింటికి రావాలా, మధ్యాహ్నం రావాలా? అది చెబితే వెళ్లి పడుకుంటాం" అని ఒకరు. "పదమూడేళ్లలో ఒక్కరోజు ఆగలేదన్నారుగా?" అని ఇంకొకరు. మాస్టారి చెవులు ఎర్రబడ్డాయి. తాను ఎప్పుడో తాళం పెట్టి దాచుకున్న పాత కాపీని బయటికి తీసి నడిపించారు. అది గడగడా పనిచేసింది. చార్టు నలభై నిమిషాలు ఆలస్యంగా అద్దమెక్కింది.

రెండు కాపీలనీ కాగితం మీద అచ్చు తీసి స్కేలు పెట్టి వరస వరసా పోల్చారు. కాగితం మీద చూస్తే గానీ ఆయనకి నమ్మకం కుదరదు. తన తారీఖు తప్ప అంతా అక్షరం పొల్లుపోకుండా ఒకటే. ఒకటి పనిచేస్తుంది, ఒకటి చెయ్యదు. ఇంకెవరి పని ఇది? ఈవిడ రాకముందు పదమూడేళ్లు ఆగని చార్టు ఈవిడ వచ్చాకే ఆగింది. కంటికి కనిపించకుండా ఏదో చేస్తోంది. పొద్దున తాను ఫైలు పెట్టినప్పటి నుంచి సాయంత్రం నాలుగు లోపల, తాను భోజనానికి వెళ్లిన గంటలో చేసి ఉంటుంది.

రెండో సోమవారం ఆయన భోజనానికి లేవలేదు. కీబోర్డు పక్కన క్యారేజీ విప్పుకుని, కళ్లు తెర మీద, ముద్ద నోట్లో. ఆమె నీళ్ల సీసా కోసం చెయ్యి చాచినా ఉలిక్కిపడ్డారు. ఇంత కాపలా కాసినా నాలుగింటికి మళ్లీ అదే మాట, ఫైలు లేదు. మళ్లీ పాత కాపీ తీయాల్సి వచ్చింది. డ్రైవర్లు ఈసారి నవ్వారు కూడా.

ఆ సాయంత్రం ఆమె ఆయన టేబులు దగ్గరికి వచ్చి నిలబడింది.

"సార్, ఏమీ అనుకోకపోతే ఒక మాట. ఈ ఫైలు మీరు ఇంటి దగ్గర తెరుస్తున్నారా? ఇంట్లో ఉన్నది విండోస్ కంప్యూటరా?"

మాస్టారు తోక తొక్కిన పాములా లేచారు. "నా ఇంట్లో ఏముందో నీకెవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. కింద ఆదివారం తారీఖు ఉంటే..."

"నా ఫైలు అడుగు దాకా చదివావన్నమాట! ఇదిగో అమ్మా, నా ఇంటి సంగతి నీకనవసరం. నా ఫైలు జోలికి రాకు. వచ్చావంటే మేనేజరు గారితో మాట్లాడాల్సి వస్తుంది."

ఆమె వెనక్కి వెళ్లి కూర్చుంది. మాస్టారికి మాత్రం ఒకటే లెక్క తేలింది. ఇంటి దాకా ఆరా తీస్తోందంటే ఇది చిన్న వ్యవహారం కాదు. ఆ రాత్రికి రాత్రే కాకపోయినా ఆ వారంలోనే ఒక వల పన్నారు. స్క్రిప్టుని ఎవరు ముట్టుకున్నా వాళ్ల పేరు, టైము, ఏ ఆదేశం ఇచ్చారో యంత్రమే చిట్టాలోకి ఎక్కించేలా చేసి, ఏమీ తెలియనట్టు కూర్చున్నారు.

మూడో సోమవారం చార్టు సరిగ్గా నాలుగింటికి వచ్చింది. నాలుగో సోమవారమూ వచ్చింది. ఇంకొకరైతే హమ్మయ్య అనుకునేవారు. మాస్టారికి నిద్ర పట్టలేదు. చెడిపోయింది ఎందుకు చెడిందో తెలియకుండా బాగుపడితే అంతకన్నా అనుమానించాల్సింది ఏముంటుంది? ఐదు వారాలు ఓపిక పట్టి అప్పుడు చిట్టా తెరిచారు.

దొరికింది దొంగ. ప్రతి సోమవారం పదకొండూ పది, పదకొండున్నర మధ్య ఆమె పేరు. ఫైలు మార్చబడినది. ఒక్క సోమవారం కూడా తప్పలేదు. అంతకు ముందు పది గంటల ప్రాంతంలో తన పేరు కూడా ఉంది కానీ, దాని మీద ఆయన చూపు ఆగలేదు. సొంత పేరుని ఎవరు అనుమానిస్తారు?

శనివారం నాడు కాగితం రాసి మేనేజరు చేతిలో పెట్టారు. పై వ్యక్తి నా హెచ్చరికను లెక్కచేయక, నాకు తెలియకుండా డ్యూటీ చార్టు ఫైలును పదేపదే మార్చుచున్నది, రెండుసార్లు చార్టు ఆగుటకు కారణమైనది, ఇట్టివారిని కొనసాగించుట డిపోకు క్షేమం కాదు. కింద చిట్టా జతపరిచారు. ఆమెకి మూడు నెలలూ ఆ వచ్చే మంగళవారంతో నిండుతాయి.

మేనేజరు ఆమెని పిలిచి, "ఇది నువ్వు మార్చావా?" అని అడిగాడు. ఆమె "మార్చాను సార్" అంది. మాస్టారు కిటికీ వైపు తిరిగి గెలిచిన ముఖం దాచుకున్నారు. మేనేజరు ఆమెకి కంప్యూటరు వాడే అనుమతి తీసేయించి, మంగళవారం పదింటికి రమ్మన్నాడు. అప్పటిదాకా ఇంట్లో ఉండమన్నాడు.

సోమవారం మాస్టారు హాయిగా వచ్చారు. పెన్‌డ్రైవులోంచి స్క్రిప్టు పెట్టారు. పక్క కుర్చీ ఖాళీ. చాలా రోజుల తర్వాత క్యాంటీనుకి వెళ్లి తిన్నారు. నాలుగు కొట్టింది.

అలాంటి ఫైలు గానీ ఫోల్డరు గానీ లేదు.

మాస్టారు పక్క కుర్చీ వంక చూశారు. ఆమె ఈ గదిలో లేదు. యంత్రంలోకి వచ్చే దారి ఆమెకి లేదు. దారులన్నీ తానే దగ్గరుండి మూయించారు. మరి ఇప్పుడు ఎవరు? కిటికీ అవతలి నుంచి డ్రైవరొకాయన, "ఈసారి ఎవరి మీద రాస్తారు మాస్టారూ?" అన్నాడు. తమాషాకే అన్నాడు గానీ మాస్టారికి నవ్వు రాలేదు.

పాత కాపీతో చార్టు తీసి అద్దానికి అంటించి, తలుపు వేసుకుని కూర్చున్నారు. కాగితాలూ స్కేలూ పక్కన పెట్టి, ఎప్పుడూ చదవని ముక్క మీద దృష్టి పెట్టారు. తెర మీద వచ్చిన వాక్యంలో ముందు భాగం. స్క్రిప్టు మొదటి వరసలో, ఈ చీటీని ఫలానా ప్రోగ్రాముతో చదివించమని యంత్రానికి చెబుతాం. ఆ ప్రోగ్రాము పేరు చివర ఆ పిచ్చి గుర్తు అతుక్కుని ఉంది. అంటే యంత్రం లేదంటున్నది ఆయన స్క్రిప్టుని కాదు. తోకతో కలిపిన ఆ పేరున్న ప్రోగ్రాముని. అలాంటిది నిజంగానే లేదు. పాపం, అది మొదటి రోజు నుంచీ నిజమే చెబుతోంది.

ఆ తోక ఎక్కడిది? రెండు కాపీల సైజు చూశారు. పాడైనది రెండు వందల పద్దెనిమిది బైట్లు ఎక్కువ, బైటంటే ఒక అక్షరం పట్టేంత చోటు. రెండు వందల పద్దెనిమిది వరసలు. వరసకొకటి చొప్పున, ప్రతి వరస చివరా కంటికి కనిపించని ఒక గుర్తు. వరస ముగిసిందని చెప్పడానికి విండోసు పెట్టుకునే అలవాటు అది, లినక్సుకి పనికిరాదు. పెన్‌డ్రైవులో ఉన్న కాపీ తెరిచి చూశారు. అందులోనూ అంతే, రెండు వందల పద్దెనిమిదీ ఉన్నాయి. ఆ పెన్‌డ్రైవు మీద ఇంకొకరి చెయ్యి పడే వీలే లేదు. ఆ ఏర్పాటు చేసిందే తాను. ఆదివారం బావమరిది కంప్యూటర్లో తారీఖు మార్చి సేవ్ చేసినప్పుడల్లా ఆ గుర్తులు చేరాయి. సోమవారం పొద్దున తన చేత్తోనే తెచ్చి డిపో నెత్తిన పెట్టారు.

అప్పుడు చిట్టాని మళ్లీ తెరిచారు, ఈసారి పేర్లు వదిలేసి ఆదేశాలు చదివారు. ప్రతి సోమవారం ఆమె ఇచ్చినది ఒక్కటే ఆదేశం: వరసల చివర ఉన్న ఆ గుర్తులు తీసెయ్యి. అంతకు మించి ఒక్క అక్షరం ముట్టుకోలేదు. ఐదు సోమవారాలు చార్టు నాలుగింటికి వచ్చిందంటే, ఆయన పాడుచేసినదాన్ని ఆయనకి తెలియకుండా ఆమె బాగుచేసింది కాబట్టి. ఆ ఐదు సోమవారాలనే ఆయన నేరంగా రాసిచ్చారు.

ఇంటికి వెళ్లి అన్నం ముందు కూర్చుని, తినకుండా కలుపుతూనే ఉన్నారు.

"ఏంటండీ, ఇవాళ ఎవరి మీద అనుమానం?" అంది భార్య.

"నా మీదే."

ఆవిడ నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది. సంగతంతా విన్నాక ఒకటే అడిగింది: "ఇది మీరు చెప్పకపోతే ఎవరికైనా తెలుస్తుందా?"

"తెలీదు. మేనేజరుకి ఇవి అర్థం కావు. ఆ అమ్మాయి వెళ్లిపోతుంది. నేను ఈ మిగిలిన ఐదు నెలలు కళ్లు మూసుకుంటే..."

"మూసుకోగలరా?" అందావిడ. సిగ్గుతో ఆయన మెడ వంగిపోయింది.

మంగళవారం పదింటికి ఆమె మేనేజరు గదిలో నిలబడి ఉంది. మాస్టారు లోపలికి వచ్చి, కూర్చోమన్నా కూర్చోకుండా, "సార్, ఆ కాగితం నేను వెనక్కి తీసుకుంటున్నాను. ఫైలు పాడుచేసింది నేను. ఈవిడ బాగుచేసింది" అన్నారు.

మేనేజరు ఆయన్ని ఎగాదిగా చూశాడు. "ఎవరైనా బెదిరించారా మాస్టారూ?"

"లేదు సార్. నన్నెవరు బెదిరిస్తారు? చూపిస్తాను రండి."

అక్కడే కంప్యూటర్లో అన్నీ చూపించారు. పెన్‌డ్రైవు, సైజు, చిట్టాలో తన పేరు. మేనేజరుకి సగం అర్థమైంది, ఆ సగం చాలింది. ఆమె వైపు తిరిగి, "మరి మొన్న అడిగినప్పుడు ఇదంతా చెప్పొచ్చుగా?" అన్నాడు.

"మార్చావా అని అడిగారు సార్. మార్చాను. ఎందుకు మార్చావని ఎవరూ అడగలేదు" అంది ఆమె. గొంతు పెంచలేదు. "సార్‌కి ముందే చెబుదామని వెళ్లాను. చార్టు ఆగితే డ్రైవర్లకి ఇబ్బంది, చెబితే సార్‌కి కోపం. అందుకని నాకు తోచింది చేశాను."

మేనేజరు పెన్ను మూత పెట్టాడు. "మాస్టారూ, ఫిర్యాదు పైకి వెళ్లిపోయింది. అది తప్పని రాయాలంటే తప్పు ఎవరిదో కూడా రాయాలి. రిటైరయ్యే ముందు మీ సర్వీసు రికార్డులో పడుతుంది."

"పడనివ్వండి సార్. నా పేరే రాయండి" అన్నారు మాస్టారు.

మధ్యాహ్నానికి ఆమె ఉద్యోగం ఖాయమైన కాగితం వచ్చింది. అనుమతి తిరిగి ఇచ్చారు. ఆమె వచ్చి తన కుర్చీలో కూర్చుంది. మాస్టారు పక్కన నిలబడి గొంతు సవరించుకున్నారు.

"అమ్మా, తప్పయిపోయింది. పెద్దవాణ్ణి, అంతకన్నా ఎలా చెప్పాలో తెలీదు. ఇకనుంచి స్క్రిప్టు నువ్వే చూసుకో. నేను దాని జోలికి రాను."

ఆమె ఆయన కుర్చీని తన పక్కకి లాగి, "కూర్చోండి సార్. స్క్రిప్టులో ఒక మార్పు చెయ్యాలి" అంది.

"చేసుకో అమ్మా. నేనెందుకు? నాకు ఏ అనుమానమూ లేదు."

"మీకు లేదు సార్, నాకుంది." ఆమె బ్యాగులోంచి ఒక కొత్త నోటుబుక్కు తీసి మధ్యలో పెట్టింది. గీతలు గీసి సిద్ధంగా ఉంది. తారీఖు, టైము, ఏం మార్చారు, ఎవరు చూశారు. "నేను ఏది ముట్టుకున్నా మీ కళ్ల ముందే ముట్టుకుంటాను. మీరు చూసినట్టు సంతకం పెట్టండి. రేపు నా మీద ఇంకో కాగితం పుట్టదని నాకేం నమ్మకం?"

మాస్టారి చూపు ఆ బ్యాగు మీద పడింది. ఈ గదిలోకి వచ్చిన మొదటి రోజు ఈమె తన బ్యాగు జిప్పు కూడా వెయ్యకుండా టేబులు మీద వదిలేసి, "కాస్త చూస్తుండండి సార్" అని చెప్పి వెళ్లిన మనిషి. ఆ రోజు ఆయన, "ఎంత నిర్లక్ష్యం!" అనుకున్నారు. ఇప్పుడు ఆ బ్యాగు ఆమె ఒళ్లోనే ఉంది, పట్టీ మణికట్టుకి రెండు చుట్లు చుట్టి ఉంది. ఎనిమిది నెలల్లో పని నేర్పమన్నారు. మూడు నెలల్లోనే ఆయన నేర్పింది ఇది.

ఆయన వద్దమ్మా అనబోయారు. అనే హక్కు తనకి లేదని తెలిసి ఆగిపోయారు. కుర్చీలో కూర్చుని, ఆమె మార్పు చేసేదాకా చూసి, ఆమె వేలు పెట్టి చూపించిన చోట సంతకం పెట్టారు.